పెద్ద డిస్కు, పాత డాక్: మధ్యలో లెక్క తప్పేది ఎవరు?

గత వేసవి సెలవులలో ఒకనాటి సాయంత్రం మా అయ్యవారు ఫోను చేశారు. హిందూపురం ప్రాంతపు పాఠశాలలలో మూడు దశాబ్దాలు తెలుగు బోధించి పదవీ విరమణ చేసిన పండితులు వారు. నాకు ఛందస్సు నేర్పినవారు. "నాయనా, కంప్యూటరు ఇంగ్లీషులో ఏదో అడుగుతున్నది. ఈ డిస్కును వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలట. మనుమడేమో సరేనని నొక్కుదామంటున్నాడు. నాకెందుకో మనసు ఒప్పలేదు" అన్నారు.

"అయ్యవారూ, మీకు దండం పెడతాను, ఏదీ నొక్కనివ్వకండి. కంప్యూటరు ఆపించి, డిస్కును తీసి పక్కన పెట్టించండి. రేపు ఉదయమే వస్తాను" అన్నాను.

ఆ డిస్కులో ఏమున్నదో నాకు తెలుసు. నిమ్మలకుంట కళాకారుల తోలుబొమ్మలాటల చిత్రీకరణలు, చుట్టుపక్కల పల్లెలలో వారు స్వయంగా రికార్డు చేసిన పద్య నాటకాలు, హరికథలు, ఇప్పుడు లేని పెద్దల గొంతులు. వాటికి తోడు వేల కొలది పాత తెలుగు పుస్తకాల స్కానింగు ప్రతులు. చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన ఆచార్య రాజ్ రెడ్డి గారి చొరవకు, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ కృషి తోడై రూపొందిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాను పాఠకులు మరచి ఉండరు. ఆ పాత వెబ్‌సైటు తరువాతి కాలంలో అందుబాటులో లేకుండా పోయింది. అందులోని పుస్తకాలు పెద్ద సంఖ్యలో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో లభిస్తున్నా, అయ్యవారు మాత్రం తమకు కావలసినవన్నీ ముందే దించుకొని, విషయవారీగా అమర్చి, తమ వద్ద దాచుకున్నారు. పుస్తకాలనైతే మళ్ళీ దించుకోవచ్చు. గొంతులను మళ్ళీ తెచ్చుకోలేము కదా!

మరునాడు వెళ్ళి చూశాను. డిస్కుకు ఏ జబ్బూ లేదు. కొత్తగా కొన్న డాక్ కూడా మంచిదే. మంచి డిస్కు, మంచి డాక్, మంచి కంప్యూటరు కలిసి "ఇందులో ఏమీ లేదు, చెరిపేయమంటారా?" అని ఎట్లా అడిగాయి? ఈ ప్రశ్నకు సమాధానం తెలియక ఎందరో తమ భద్రమైన సమాచారాన్ని తమ చేతులతోనే చెరిపివేసుకుంటున్నారు. అందుకే ఈ వ్యాసం.

డాక్ అనగానేమి?

కంప్యూటరు లోపల బిగించవలసిన హార్డ్ డిస్కును బయటనే ఉంచి, యూఎస్‌బీ తీగ ద్వారా కంప్యూటరుకు కలిపే చిన్న పీఠమే డాక్. దాని పైభాగంలో ఒక గాడి ఉంటుంది. డిస్కును నిలువుగా ఆ గాడిలో దించి మీట వేస్తే చాలు. మరలు బిగించే పని లేదు. పాత కంప్యూటర్ల నుండి తీసిన డిస్కులను చదవడానికి, పలు డిస్కులను ఒకదాని తరువాత ఒకటి వాడడానికి ఇది ఎంతో అనుకూలం. మూతతో మూసి ఉండే పెట్టెను ఎన్‌క్లోజర్ అంటారు. రూపం వేరైనా రెండింటి లోపలి పని ఒకటే.

ఆ పని ఏమిటంటే అనువాదం. డిస్కుకు తెలిసిన భాష సాటా. కంప్యూటరు బయట మనకు కనిపించే రంధ్రానికి తెలిసిన భాష యూఎస్‌బీ. ఈ రెండింటి నడుమ నిలబడి ఇటు మాట అటు, అటు మాట ఇటు అందించే చిన్న చిప్పు ఒకటి డాక్ లోపల ఉంటుంది. దానిని బ్రిడ్జి చిప్పు అంటారు. జేమైక్రాన్, ఏఎస్‌మీడియా వంటి సంస్థలు వీటిని తయారుచేస్తాయి. డాక్ పై ముద్రించిన పేరు ఏదైనా, లోపల ఉండేది ఇటువంటి కొద్ది సంస్థల చిప్పే.

సరిహద్దు జిల్లాలలో నివసించే మనకు దుబాసీ అంటే ఎవరో వేరే చెప్పనక్కరలేదు. కన్నడం మాత్రమే తెలిసిన వ్యాపారికీ, తెలుగు మాత్రమే తెలిసిన రైతుకూ మధ్య బేరం కుదిర్చేవాడు దుబాసీ. ఇద్దరూ నిజాయితీపరులే అయినా, దుబాసీకి లక్షకు మించి లెక్క రాకపోతే ఆ బేరం ఏమవుతుంది? పెద్ద డిస్కులకూ పాత డాక్‌లకూ మధ్య జరిగేది సరిగ్గా అదే.

రెండు టెరాబైట్ల గోడ

హార్డ్ డిస్కులోని స్థలాన్ని చిన్న చిన్న గదులుగా విభజిస్తారు. ఒక్కొక్క గదిని సెక్టారు అంటారు. చాలాకాలంగా ఒక సెక్టారు పరిమాణం 512 బైట్లు. ప్రతి సెక్టారుకూ ఒక సంఖ్య ఉంటుంది. "ఫలానా సంఖ్య గల గదిలో ఉన్నది తీసుకురా" అని కంప్యూటరు అడుగుతుంది; డిస్కు తెచ్చి ఇస్తుంది.

ఆ సంఖ్యను రాయడానికి ఎంత చోటు కేటాయించారన్నదే ఇక్కడి కీలకం. పాత బ్రిడ్జి చిప్పులు వాడిన ఆజ్ఞలలో ఈ సంఖ్యకు 32 బిట్ల చోటు మాత్రమే ఉండేది. 32 బిట్లలో రాయగల సంఖ్యలు మొత్తం 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. దానిని 512 చేత గుణిస్తే సుమారు 2,19,902 కోట్ల బైట్లు వస్తాయి. అంటే 2.2 టెరాబైట్లు. కంప్యూటరు తన పద్ధతిలో దీనినే 2048 గిగాబైట్లు అని చూపుతుంది. 32 బిట్ల దుబాసీకి తెలిసిన ప్రపంచం అంతటితో సరి.

డిస్కులు మాత్రం అక్కడ ఆగిపోలేదు. 137 గిగాబైట్ల వద్ద ఇటువంటి గోడ ఒకటి లోగడ ఎదురైనప్పుడు, డిస్కుల భాషలో సెక్టారు సంఖ్యకు 48 బిట్లు కేటాయించారు. 2002 నాటి ఏటీఏ-6 ప్రమాణంలో ఇది చేరింది. నేటి ఏ డిస్కుకైనా ఆ స్థలం ఎంతో ఎక్కువ. యూఎస్‌బీ వైపు కూడా 64 బిట్ల సంఖ్యను పంపగల ఆజ్ఞలు ఉన్నాయి. కాని 2 టెరాబైట్లను మించిన డిస్కులే లేని రోజులలో తయారైన చాలా చిప్పులకు ఆ కొత్త ఆజ్ఞలను నేర్పలేదు. 2010లో 3 టెరాబైట్ల డిస్కులు విపణిలోకి వచ్చినప్పుడు ఈ లోపం అందరికీ తెలిసివచ్చింది. డాక్‌ల సంగతి అటుంచి, కంప్యూటర్లే వాటిని సరిగా గుర్తించవేమోనన్న సందేహంతో వెస్టర్న్ డిజిటల్ సంస్థ అప్పట్లో తన 3 టెరాబైట్ల డిస్కుతో పాటు ఒక ప్రత్యేక కార్డును కూడా ఇచ్చి అమ్మింది.

746 అనే వింత సంఖ్య

ఈ గోడను నేను మొదట చూసినది 2012లో. 2009లో కొన్న ఒక డాక్ నా వద్ద ఉండేది. బెంగళూరు నుండి 3 టెరాబైట్ల డిస్కు తెచ్చి అందులో దించాను. కంప్యూటరు దాని పరిమాణం 746 గిగాబైట్లు అని చూపింది. దుకాణదారు మోసం చేశాడనుకున్నాను. రెండు గంటల ప్రయాణం చేసి తిరిగి వెళ్ళి, కొంచెం గట్టిగానే మాట్లాడాను. ఆయన ఏమీ అనకుండా డిస్కును తన కంప్యూటరు లోపలి తీగకు కలిపి చూపించాడు. 2794 గిగాబైట్లు అని కనిపించింది. తలవంచుకొని వచ్చాను. లెక్కలు చెప్పే ఉపాధ్యాయుణ్ణి అయివుండి లెక్క వేయకుండా నింద వేసినందుకు నేటికీ సిగ్గుపడతాను.

ఆ లెక్క ఇది. డిస్కుపై 3 టీబీ అని ముద్రిస్తారు. తయారీదారులు వేయికి వేయి చొప్పున లెక్కిస్తారు. విండోస్ 1024కు 1024 చొప్పున లెక్కిస్తుంది. అందువల్ల 3 టీబీ డిస్కు విండోస్‌లో 2794 గిగాబైట్లుగా కనిపించడం సహజం. అది లోపం కాదు. ఇక పాత డాక్ 2048 వరకు లెక్కించి, ఆపైన మళ్ళీ సున్నా నుండి మొదలుపెడుతుంది. పాత స్కూటరు మీటరులో 99,999 తరువాత 00,000 వచ్చినట్లు. 2794 నుండి 2048 తీసివేయండి. మిగిలేది 746.

ఇదే విధంగా 4 టీబీ డిస్కు 3726కు బదులు 1678 గిగాబైట్లుగా కనిపిస్తుంది. 6 టీబీ డిస్కులో మీటరు రెండుసార్లు తిరుగుతుంది. 5589 నుండి రెండు 2048లు పోగా 1493 మిగులుతుంది. కొన్ని డాక్‌లు ఇట్లా చుట్టు తిరగక 2048 వద్దనే ఆగిపోతాయి. మరికొన్ని డిస్కును అసలు గుర్తించవు. ఏది జరిగినా, మీ డిస్కు చూపవలసిన పరిమాణం నుండి 2048 చొప్పున తీసివేసి చూడండి. సమాధానం సరిపోతే తప్పు డిస్కుది కాదు, డాక్‌ది అని నిశ్చయించుకోవచ్చు.

అట్టపెట్టె మీది అంకెను ఎట్లా చదవాలి?

డాక్‌ల అట్టపెట్టెలపై "2 టీబీ వరకు", "8 టీబీ వరకు", "16 టీబీ వరకు" అని ముద్రించి ఉంటుంది. ఈ మాటలన్నింటికీ ఒకే అర్థం లేదు.

2 టీబీ అని ఉంటే రెండు అవకాశాలున్నాయి. లోపలి చిప్పుకు నిజంగానే 32 బిట్ల పరిమితి ఉండవచ్చు. లేదా ఆ డాక్ తయారైన రోజులలో దొరికిన అతి పెద్ద డిస్కు 2 టీబీయే కనుక అట్లా ముద్రించి ఉండవచ్చు. కొన్నింటికి తయారీదారు ఫర్మ్‌వేర్ మార్పు ద్వారా తరువాత పెద్ద అంకెలు నేర్పారు కూడా. పరీక్షించి చూడనిదే తెలియదు.

8 టీబీ, 16 టీబీ వంటి అంకెలు మాత్రం చాలావరకు "మేము ఇంతవరకు పరీక్షించి చూశాము" అని చెప్పే మాటలే. ఎందుకంటే 2.2 టెరాబైట్లు దాటిన తరువాత 48 బిట్ల దారిలో సమీపంలో మరే గోడా లేదు. 3 టీబీ లేదా 4 టీబీ డిస్కును పూర్తి పరిమాణంతో చూపి, నిండా రాసి చదవగలిగిన డాక్ సాధారణంగా ఆపైవాటినీ లెక్కించగలదు. అయితే ఫర్మ్‌వేర్ లోపాలు, విద్యుత్తు చాలకపోవడం వంటి ఇతర కారణాలు ఉండవచ్చు కనుక, ముద్రించిన అంకె మీ డిస్కు కంటే పెద్దదైతే నిశ్చింత. చిన్నదైతే పరీక్ష తప్పనిసరి.

డాక్ సరైనదే అయినా...

దుబాసీ సరిగా ఉన్నంత మాత్రాన పని పూర్తి కాదు. కంప్యూటరుకు కూడా పెద్ద అంకెలు రావాలి. డిస్కు మొదట్లో "ఏ భాగం ఎక్కడ మొదలై ఎంతవరకు ఉన్నది" అని చెప్పే విషయసూచిక ఒకటి ఉంటుంది. 1983లో పీసీ డాస్ 2.0తో వచ్చిన ఎంబీఆర్ పద్ధతిలో ఈ సూచికకు కూడా 32 బిట్లే. అదే 2.2 టెరాబైట్ల గోడ ఇక్కడా ఉన్నది. దాని స్థానంలో వచ్చిన జీపీటీ పద్ధతిలో 64 బిట్లు ఉంటాయి. కనుక 2 టీబీని మించిన కొత్త డిస్కును మొదటిసారి సిద్ధం చేసేటప్పుడు కంప్యూటరు అడిగితే జీపీటీనే ఎంచుకోవాలి.

మనం సాధారణంగా వాడిన 32 బిట్ల విండోస్ ఎక్స్‌పీకి జీపీటీ డిస్కులను చదవడం రాదు. మైక్రోసాఫ్ట్ దానికి మద్దతును 2014 ఏప్రిల్ 8న ముగించింది. పల్లె పాఠశాలలలో, చిన్న ఫోటో స్టూడియోలలో ఇంకా ఆ కంప్యూటరు నడుస్తుంటే, పెద్ద డిస్కును దానికి తగిలించి "చెడిపోయింది" అని తీర్మానించవద్దు. విండోస్ 7, ఆ తరువాతి విండోస్‌లు, నేటి లినక్స్ జీపీటీ సమాచార డిస్కులను చక్కగా చదువుతాయి.

పెట్టె నుండి బయటకు తీసిన డిస్కు

ఇప్పుడు అయ్యవారి డిస్కు సంగతికి వద్దాము. వారిది 2013లో కొన్న 4 టీబీ డిస్కు. కంపెనీవారే పెట్టెలో బిగించి అమ్మినది. ఏళ్ళ తరబడి తీగ పెట్టి తీయడంతో పెట్టె వెనుక ఉన్న రంధ్రం విరిగిపోయింది. మనుమడు తెలివిగా పెట్టెను విప్పి, లోపలి డిస్కును తీసి, కొత్త డాక్‌లో పెట్టాడు. డాక్‌కు పెద్ద అంకెలు వచ్చు. కంప్యూటరుకూ వచ్చు. మరి ఫార్మాట్ మాట ఎందుకు వచ్చింది?

2010 తరువాత కొన్నేళ్ళపాటు పెద్ద డిస్కులను ఎక్స్‌పీ కంప్యూటర్లలో కూడా నడిపించడానికి కొన్ని కంపెనీలు ఒక ఉపాయం చేశాయి. గదుల సంఖ్యను పెంచలేకపోతే గది పరిమాణాన్ని పెంచుదామనుకున్నాయి. పెట్టెలోని చిప్పు డిస్కులోని ఎనిమిదేసి సెక్టార్లను ఒక్కటిగా కట్టి, "ఇందులో ఒక్కొక్క గది 4096 బైట్లు" అని కంప్యూటరుకు చెబుతుంది. అప్పుడు అదే 32 బిట్ల సంఖ్యతో 16 టెరాబైట్లకు పైగా లెక్కించవచ్చు. ఉపాయం బాగున్నది. కాని ఆ లెక్క ఆ పెట్టెకు మాత్రమే తెలుసు. డిస్కు బయటకు వచ్చి మామూలు డాక్‌లో చేరగానే గదులు మళ్ళీ 512 బైట్లవి అవుతాయి. విషయసూచికలో "256వ గదిలో మొదలు" అని ఉంటే, కంప్యూటరు ఎనిమిదవ వంతు దూరంలోనే ఆగి వెదుకుతుంది. అక్కడ ఏమీ కనిపించక "ఫార్మాట్ చేయమంటారా?" అని అడుగుతుంది. మూర అంటే ఒక ఊరిలో ఒక కొలత, మరొక ఊరిలో వేరొక కొలత అయితే పొలం గట్టు ఎక్కడున్నదో తెలియనట్లే.

దీనిని గుర్తుపట్టడం సులభం. విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే డిస్కు మొత్తం పరిమాణం సరిగానే ఉంటుంది. లోపలి పార్టిషన్ మాత్రం ఎనిమిదవ వంతే కనిపిస్తుంది. అయ్యవారి 3726 గిగాబైట్ల డిస్కులో 465 గిగాబైట్ల పార్టిషన్ కనిపించింది. ఎనిమిది చేత భాగించి చూడగానే నా గుండె కుదుటపడింది. సమాచారం ఎక్కడికీ పోలేదు.

పెట్టెల విషయంలో మరి రెండు చిక్కులున్నాయి. కొన్ని కంపెనీల పెట్టెలలోని చిప్పు, మనం సంకేతపదం పెట్టకపోయినా, సమాచారాన్ని రహస్య లిపిలోకి మార్చి రాస్తుంది. ఆ డిస్కును వేరే డాక్‌లో పెడితే అర్థంలేని అక్షరాలే కనిపిస్తాయి. ఇక జేబులో పట్టే చిన్న డిస్కులలో కొన్నింటికి సాటా కొనే ఉండదు. యూఎస్‌బీ రంధ్రాన్ని డిస్కు పలకకే అతికిస్తారు. వాటిని విప్పినా డాక్‌లో పెట్టడం అసాధ్యం. కనుక పెట్టె పాడైతే ముందుగా పెట్టెను బాగుచేయించుకోవడమే ఉత్తమం. విరిగిన రంధ్రానికి కొత్తది టంకం పెట్టించడం మంచి మెకానిక్కుకు పెద్ద పని కాదు.

విద్యుత్తు, వేగం, కొలత

పెద్ద డిస్కు అంటే మనం సాధారణంగా చెప్పేది మూడున్నర అంగుళాల డిస్కు. దాని మోటారుకు 12 వోల్టులు కావాలి. యూఎస్‌బీ రంధ్రం ఇచ్చేది 5 వోల్టులు మాత్రమే. అందుకే డాక్‌కు ప్రత్యేకంగా అడాప్టరు ఉంటుంది. డిస్కు తిరగడం మొదలుపెట్టే క్షణాలలో 12 వోల్టుల వద్ద సుమారు 2 ఆంపియర్ల వరకు లాగవచ్చు. రెండు గాడుల డాక్‌కు అంతకంటే బలమైన అడాప్టరు ఉండాలి. డిస్కు టకటక శబ్దం చేస్తూ మాటిమాటికీ కనిపించి మాయమవుతుంటే, దానిని నిందించే ముందు అడాప్టరును అనుమానించండి. కొన సరిపోయింది కదా అని ల్యాప్‌టాప్‌కు చెందిన 19 వోల్టుల అడాప్టరును ఎన్నడూ తగిలించవద్దు. డాక్‌తో పాటు డిస్కు కూడా కాలిపోయే ప్రమాదమున్నది.

కొన్ని కొత్త పెద్ద డిస్కులలో మరొక విశేషమున్నది. 2016లో వెలువడిన సాటా 3.3 ప్రమాణం ప్రకారం, విద్యుత్తు కొనలోని మూడవ పిన్నుకు 3.3 వోల్టులు అందితే అవి తిరగకుండా ఆగిపోతాయి. చాలా డాక్‌లు 12, 5 వోల్టులు మాత్రమే ఇస్తాయి కనుక అక్కడ ఈ సమస్య అరుదు. అదే డిస్కును పాత కంప్యూటరు లోపల బిగిస్తే కదలక మెదలక ఉండవచ్చు. డాక్‌లో పనిచేసి కంప్యూటరులో పనిచేయకపోతే ఇది గుర్తుకు తెచ్చుకోండి.

వేగం కూడా పరిమాణంతో ముడిపడిన విషయమే. యూఎస్‌బీ 2.0 డాక్ ఆచరణలో క్షణానికి సుమారు 35 మెగాబైట్లు పంపుతుంది. ఆ లెక్కన 4 టీబీ నకలు చేయడానికి దాదాపు 32 గంటలు పడుతుంది. మన ఊళ్ళలో అంతసేపు కరెంటు పోకుండా ఉండడం అదృష్టం మీద ఆధారపడిన విషయం. యూఎస్‌బీ 3.0 డాక్‌లో డిస్కు తన పూర్తి వేగంతో నడుస్తుంది. క్షణానికి 150 మెగాబైట్ల చొప్పున చూసినా ఏడున్నర గంటలలో పని ముగుస్తుంది. డాక్, తీగ, కంప్యూటరు రంధ్రం మూడూ 3.0 అయినప్పుడే ఆ వేగం వస్తుంది.

ఇక కొలత. రెండున్నర అంగుళాల డిస్కులలో ఎక్కువ సామర్థ్యం గల కొన్ని 15 మిల్లీమీటర్ల మందం ఉంటాయి. ల్యాప్‌టాప్ డిస్కుల కోసం చేసిన సన్నని పెట్టెలలో అవి పట్టవు. పైభాగం తెరిచి ఉండే డాక్‌లో సాధారణంగా ఈ ఇబ్బంది ఉండదు.

ఎస్.పి. రోడ్డులో అడగవలసిన మాటలు

మన ప్రాంతం నుండి ఇటువంటి వస్తువులకు ఎక్కువమంది వెళ్ళేది బెంగళూరు ఎస్.పి. రోడ్డుకే. పూర్తి పేరు సదర్ పత్రప్ప రోడ్డు. మెజెస్టిక్‌లో దిగి, మెట్రోలో ఒక్క స్టేషను దూరంలోని చిక్‌పేటకు చేరితే అక్కడి నుండి నడిచిపోవచ్చు. ఇరుకు వీధి, ఇరువైపులా ఎలక్ట్రానిక్ విడిభాగాలు, కంప్యూటరు సామగ్రి, తీగల చుట్టలు. "ఎష్టు టీబీ, సార్?" అని కన్నడంలో మొదలైన బేరం, మన యాస వినగానే తెలుగులోకి మారిపోతుంది. దుకాణదారు అడిగిన ఆ మొదటి ప్రశ్నే సరైన ప్రశ్న. దానికి సూటిగా సమాధానం చెప్పండి. తరువాత మీరు ఈ మాటలు అడగండి.

1. నా డిస్కు ఇంత పరిమాణం. ఈ డాక్‌లో అంత పెద్ద డిస్కును మీరు పెట్టి చూశారా? వీలైతే ఇప్పుడే పెట్టి చూపగలరా? మీ ల్యాప్‌టాప్‌ను వెంట తీసుకువెళితే మరీ మంచిది. సమాచారమున్న డిస్కును మాత్రం ఈ పరీక్షకు వాడవద్దు.

2. అడాప్టరుపై 12 వోల్టుల ఎదుట ఎన్ని ఆంపియర్లని ముద్రించి ఉన్నది?

3. ఇది యూఎస్‌బీ 3.0 డాక్ అయితే తీగ కూడా అదేనా?

4. పరిమాణం తక్కువగా చూపితే మార్చి ఇస్తారా? ఆ మాటను బిల్లుపై రాయించుకోండి.

రెండు గాడుల డాక్‌లలో కొన్నింటికి కంప్యూటరు లేకుండానే ఒక డిస్కును మరొకదానికి నకలు తీసే బొత్తాము ఉంటుంది. ఉపయోగకరమైనదే గాని, ఏ గాడి మూలప్రతికి, ఏ గాడి నకలుకు అన్నది తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి నిండు డిస్కును తుడిచివేస్తుంది. గాడుల పక్కన కాగితం ముక్క అంటించుకోవడం మేలు.

ఇంటికి వచ్చిన తరువాత కొత్త డాక్‌లో కొత్త డిస్కును పెట్టి, ముందుగా పరిమాణం చూడండి. ఆ తరువాత డిస్కు నిండా ఏవైనా అనవసరపు ఫైళ్ళను రాసి, తిరిగి చదివించి పోల్చండి. ఇందుకు హెచ్2టెస్ట్‌డబ్ల్యూ వంటి ఉచిత ప్రోగ్రాములున్నాయి. ఒక రాత్రి పడుతుంది. ఆ ఒక్క రాత్రి ఓపిక పట్టినవారికి డాక్ నమ్మదగినదో కాదో తేలిపోతుంది.

అన్నింటికంటే ముఖ్యమైన నియమం ఒక్కటే. ఎప్పుడో నింపి పెట్టుకున్న డిస్కును కొత్త డాక్‌లో పెట్టినప్పుడు కంప్యూటరు "ఫార్మాట్" అన్నా, "ఇనిషియలైజ్" అన్నా, "రిపేర్ చేయమంటారా" అన్నా, వద్దు అని చెప్పి డిస్కును బయటకు తీయండి. ఆ ప్రశ్న అడుగుతున్నది డిస్కును చదవలేకపోయిన కంప్యూటరు. చదవలేకపోవడానికి కారణం డిస్కు కావచ్చు, డాక్ కావచ్చు, పాత పెట్టె లెక్క కావచ్చు. కారణం తెలియకుండా సరే అంటే, బాగుపడే సమస్య బాగుపడనిదవుతుంది. ఒకవేళ పొరపాటున నొక్కివేసి ఉంటే ఇక ఆ డిస్కుపై ఒక్క అక్షరం కూడా రాయకుండా, తెలిసినవారి వద్దకు తీసుకువెళ్ళండి. పైపైన చేసిన త్వరిత ఫార్మాట్ అయితే చాలావరకు తిరిగి రాబట్టుకునే అవకాశం ఉంటుంది.

అయ్యవారి డిస్కు ఏమైనది?

విరిగిన పెట్టెను పట్టుకొని నేనూ, మనుమడూ బెంగళూరు వెళ్ళాము. సరిగ్గా అదే నమూనా పెట్టె కోసం మధ్యాహ్నం వరకు తిరిగాము, దొరకలేదు. చివరకు ఒక మెట్ల కింది దుకాణంలో టంకం పనిచేసే పెద్దాయన పెట్టెలోని పలకను భూతద్దంతో చూసి, "చిప్పు బాగుంది, నోరు మాత్రమే విరిగింది" అని తెలుగులోనే చెప్పి, కొత్త రంధ్రం అతికించి ఇచ్చాడు. సాయంత్రానికి ఇల్లు చేరి డిస్కును తిరిగి దాని పాత పలకకే బిగించి కంప్యూటరుకు కలిపాము. ఏ ప్రశ్నా అడగకుండా తెరుచుకున్నది. ఫోల్డర్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఆ రాత్రంతా కూర్చుండి, మంచి డాక్‌లో జీపీటీ పద్ధతిన సిద్ధం చేసిన కొత్త డిస్కుకు అంతా నకలు తీశాము. మరొక ప్రతిని తీసి వేరే ఊరిలోని వారి కుమార్తె ఇంటికి పంపాము. అయ్యవారు ఆ రాత్రి నిద్రపోలేదు. నకలు సరిగా వచ్చిందో లేదో చూద్దామని నేనొక ఫైలు తెరిస్తే, ఇరవై ఏళ్ళ కిందటి హరికథలో ఆయన తండ్రిగారి గొంతు వినిపించింది. మనుమడు ముత్తాత గొంతును వినడం అదే మొదటిసారి.

మన ఇళ్ళలో పెళ్ళి వీడియోలు, భూమి పత్రాల స్కానింగులు, పోయినవారి మాటలు ఇట్లా ఒకే ఒక డిస్కులో, ఒకే ఒక పెట్టెలో ఉన్నాయి. ఈ వారాంతంలో ఒక్క గంట కేటాయించి దానిని తెరిచి చూడండి. పరిమాణం ఎంత చూపుతున్నదో కాగితంపై రాసి పెట్టుకోండి. రెండవ ప్రతి లేకపోతే, పాత పెట్టె ఇంకా పనిచేస్తుండగానే తీసిపెట్టుకోండి.